ముందు నీళ్లు కొలువు, తర్వాతే మందు

రాయగడ,
ఆదివారం సాయంత్రం

అమ్మడూ,

మామయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన వీడియో నాలుగుసార్లు చూశాను. మీ ఇల్లు వెచ్చబెట్టే రేడియేటర్ చివర మర వదులు చేయగానే గ్లాసులోకి సిరాలాంటి నల్లటి నీళ్లు రావడం, అల్లుడు కంగారుగా తువ్వాలు అడ్డం పెట్టడం, అన్నీ చూశాను. నవ్వొచ్చింది కానీ ఆ రంగు చూసి నవ్వు ఆగిపోయింది. ముప్పై మూడేళ్లు మిల్లు బాయిలర్ హౌస్‌లో నీళ్ల మందులు కలిపినవాణ్ణి. ఆ నలుపు నాకు బాగా తెలుసు.

ఇక్కడ ఇల్లు వెచ్చబెట్టుకోవడమంటే కుంపటే. రేడియేటర్ అనగానే మాకు లారీదే గుర్తొస్తుంది. అయినా నువ్వు పంపిన బాయిలర్ పుస్తకం మొత్తం చదివాను, తుప్పు మందుదీ క్లీనర్దీ రెండు సీసాల మీద లేబుళ్లు ఫోటోలో పెద్దవి చేసుకుని చూశాను. ఇంగ్లండ్‌లో, లీడ్స్‌లో బాయిలర్ దగ్గర వేడెక్కి నీ ఇంటి గోడల్లో తిరిగే నీళ్లయినా, ఇక్కడ మిల్లులో ఆవిరయ్యే నీళ్లయినా ఇనుము విషయంలో చేసే పని ఒకటే. కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

నువ్వు అడిగింది ఒక్క ముక్క: "సీసా మొత్తం పోయాలా, సగం చాలా మామయ్యా?" సీసా సంగతి తర్వాత. నీ సిస్టమ్‌లో నీళ్లెన్ని లీటర్లున్నాయో ముందు చెప్పు. అది తెలియకుండా ఇంత పోయి అని ఎవరు చెప్పినా, వాళ్లు నీ ఇంటికి కాదు, వాళ్ల అలవాటుకి పోస్తున్నట్టు లెక్క.

2007 గుర్తుందా? కాశీపూర్ వైపు కలరా వచ్చి జిల్లా అంతా అల్లాడిన ఏడాది. నీకు పదేళ్లు. గుణుపురంలో మీ ఇంటి నూతిలో బ్లీచింగ్ పౌడర్ వెయ్యాలని మీ అమ్మ నన్ను పిలిపించింది. నేను గట్టు మీద నిలబడి తాడుకి రాయి కట్టి దించుతుంటే, తడిసిన భాగం ఎంతుందో నువ్వే టేపు పట్టి కొలిచావు. మూడు మీటర్లు. నూతి అడ్డం కొలత రెండు మీటర్లు. 3.14ని ఒకటితో, ఒకటితో, మూడుతో గుణిస్తే 9.42 ఘనపు మీటర్లు, అంటే 9,420 లీటర్లు. మంచి పౌడర్ అయితే వెయ్యి లీటర్లకి రెండున్నర గ్రాములు. మన నూతికి ఇరవై నాలుగు గ్రాములు చాలు. దాన్ని బకెట్లో ముద్దలా కలిపి, నీళ్లు పోసి, సున్నం అడుగున పేరుకున్నాక పైతేట మాత్రం చేదలోకి వంచి, నీటిమట్టం కిందికి దించి అటూ ఇటూ ఆడించాం. నీకు ఆ ఆడించడం బాగా నచ్చింది, చేద వదలనన్నావు.

పక్కింటాయన మాత్రం అరకిలో ప్యాకెట్ చింపి తన నూతిలో గుమ్మరించాడు. మనదంత నుయ్యే. ఇరవై రెట్లు ఎక్కువ. వాసనకి ఇంట్లో ఎవరూ ఆ నీళ్లు ముట్టలేదు. పిల్లలు వెళ్లి వాగులో నీళ్లు తాగారు. ఏ నీళ్లు తాగకూడదని మందు వేశాడో ఆ నీళ్లే తాగించాడు పాపం.

ఇప్పుడు నీ ఇల్లే నూతి అనుకో. కాకపోతే తాడు దించడానికి వీల్లేని నుయ్యి, గొట్టాల్లో దాక్కుని ఉంది. ముక్కలు ముక్కలుగా కొలవాలి.

రేడియేటర్లతో మొదలుపెట్టు. నీళ్లలో ఎక్కువ భాగం వాటిలోనే ఉంటుంది. నువ్వు రాసి పంపిన కొలతల ప్రకారం రెండు పలకలవి ఆరు, ఒంటి పలకవి మూడు, అన్నీ 600 మిల్లీమీటర్ల ఎత్తు. ఆ ఎత్తులో రెండు పలకల రేడియేటర్ పొడవు మీటరుకి సుమారు ఆరు లీటర్లు పడుతుంది, ఒంటి పలకది మూడు. నీవి ఆరూ కలిపి 6.4 మీటర్లు, కాబట్టి 38 లీటర్లు. ఒంటి పలకవి మూడూ కలిపి రెండున్నర మీటర్లు, ఏడున్నర లీటర్లు. బాత్రూంలో తువ్వాళ్లు ఆరేసుకునే నిచ్చెనలాంటిదానికి ఐదు వేసుకో. తయారు చేసినవాళ్ల పట్టిక దొరికితే నా అంకెలు పక్కన పెట్టి ఆ అంకెలే వాడు.

గొట్టాలకి నీకో చిట్కా చెప్తాను, మా సీనియర్ ఒకాయన నేర్పింది. గొట్టం లోపలి అడ్డకొలతని సెంటీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, మళ్లీ 0.0785తో గుణిస్తే మీటరుకి ఎన్ని లీటర్లో వస్తుంది. మీ 22 మిల్లీమీటర్ల రాగి గొట్టం లోపల 2.02 సెంటీమీటర్లు, అంటే మీటరుకి 0.32 లీటరు. 15 మిల్లీమీటర్ల గొట్టం లోపల 1.36, మీటరుకి 0.145. లావుపాటిది ఇరవై మీటర్లు, సన్నది యాభై మీటర్లు ఉండొచ్చని అల్లుడు నేల పలకలు ఎత్తి చూసి అంచనా వేశాడు. 6.4, 7.3. చూశావా, ఇల్లంతా పాకిన గొట్టాలన్నీ కలిపినా పద్నాలుగు లీటర్లు దాటలేదు. అందుకే గొట్టాల పొడవులో ఐదు మీటర్లు అటూ ఇటూ అయినా టెన్షన్ పడకు. రేడియేటర్ లెక్క తప్పితేనే మొత్తం తప్పుతుంది.

బాయిలర్ లోపల రెండున్నర లీటర్లు. వేడికి ఉబ్బే నీళ్లకి చోటిచ్చే ఎర్రటి డబ్బా, అదే ఎక్స్‌పాన్షన్ వెసల్, దాని మీద 8 లీటర్లని రాసుంది కదా, అది కలపకు. చల్లగా ఉన్నప్పుడు దాన్లో ఉండేది దాదాపు గాలే.

అన్నీ కూడితే 67 లీటర్లు.

ఇక్కడే ఒక సంగతి. పది రేడియేటర్లుంటే వంద లీటర్లని అక్కడ ఒక మోటు లెక్క ఉంది. నిచ్చెనతో కలిపి నీకు పది. ఆ లెక్కన వంద. బాయిలర్ కిలోవాట్‌కి పది లీటర్లన్నది ఇంకో లెక్క. నీది 30 కిలోవాట్లు, అంటే మూడు వందల లీటర్లు! అసలు 67 ఎక్కడ, 300 ఎక్కడ? మీ కాంబీ బాయిలర్‌ని అంత పెద్దది పెట్టేది స్నానానికి వేడినీళ్లు అప్పటికప్పుడు కాచి ఇవ్వడానికి. ఇల్లు వెచ్చబెట్టడానికి అందులో సగం కూడా అక్కర్లేదు. కాంబీ ఉన్న ఇంట్లో కిలోవాట్ లెక్క వేస్తే మూడు సీసాలు కొనిపిస్తారు.

లెక్కని సరిచూసుకోవడానికి ఇంకో దారి ఉంది. నీళ్లన్నీ దించేశాక, మళ్లీ నింపే ముందు వీధి నీళ్ల మీటరు చూడు, నిండాక చూడు. ఆ సమయంలో ఇంట్లో ఎవరూ కుళాయి తిప్పకూడదు, టాయిలెట్ ఫ్లష్ కూడా వద్దు. రేడియేటర్ల అడుగున దిగని నీళ్లు కొంత ఎలాగూ ఉండిపోతాయి కాబట్టి మీటరు కొంచెం తక్కువే చూపిస్తుంది. 60 దగ్గర చూపిస్తే మన 67 సరైనదే. 90 చూపిస్తే ఎక్కడో పెద్ద లెక్కే తప్పాం అన్నమాట.

ఇక సీసా. నీ దగ్గరున్న తుప్పు మందు, అదే ఇన్హిబిటర్, లీటరు సీసా వంద లీటర్లకి. అంటే ఒక శాతం. నీకు కనీసం 670 మిల్లీలీటర్లు కావాలి. మొత్తం సీసా పోస్తే ఒకటిన్నర శాతం అవుతుంది. పోసెయ్. ఈ మందు కొంచెం ఎక్కువైతే నష్టం లేదు, తక్కువైతేనే ముప్పు. కొన్ని మందులు చాలనప్పుడు అసలు వెయ్యనిదానికంటే ఘోరం. మందు ఇనుమంతటినీ కాపాడలేకపోతే, కాపాడని చోట్ల తుప్పు గుంటలు గుంటలుగా తినేస్తుంది. ఏడాదికోసారి సర్వీసు చేయించుకునేటప్పుడు ఒక రేడియేటర్ విప్పి పన్నెండు లీటర్లు పారబోశారనుకో. 67లో పన్నెండు, మందులో పద్దెనిమిది శాతం పోయినట్టే. ఒకటిన్నర శాతం మొదటిసారికి 1.22 అవుతుంది, రెండోసారికి 1.0, మూడోసారికి 0.83. మూడోసారి విప్పినప్పుడు మందు కొత్తగా కలపాలని ఇప్పుడే గోడ మీద రాసిపెట్టుకో. మొదట్లో సరిగ్గా 670 కొలిచి పోసి ఉంటే మొదటిసారి విప్పగానే తక్కువైపోయేది.

కానీ ఒక కంపెనీ సీసా వంద లీటర్లకైతే, ఇంకో కంపెనీ అర లీటరు సీసా అంతకంటే ఎక్కువ నీళ్లకి సరిపోవచ్చు. సైజు చూసి కాదు, లేబుల్ మీద లీటర్లు చూసి లెక్కేసుకో. రెండు కంపెనీల మందులు ఒకదాంట్లో కలపకు.

ముందు చేసేది మాత్రం రెండో సీసా, క్లీనర్ది. ఆ నల్లటిది మట్టి కాదు, ఇనుమే. గాలి పెద్దగా లేని నీళ్లలో ఇనుము తుప్పుపడితే ఎర్రగా కాకుండా నల్లగా మాగ్నటైట్‌గా మారుతుంది. గ్లాసు బయట అయస్కాంతం పెట్టి చూడు, అటు పాకుతుంది. ఆ పనిలో హైడ్రోజన్ కూడా పుడుతుంది. వారం వారం మర తిప్పి గాలి వదులుతున్నానన్నావే, కొంత భాగం గాలి కాకపోవచ్చు. ఆ మర దగ్గర అగ్గిపుల్ల వెలిగించకు. రేడియేటర్ పైన చల్లగా ఉంటే గ్యాసు చేరిందని, పైన వేడిగా ఉండి కింద నడుమ చల్లగా ఉంటే ఆ నల్లటి బురద కూర్చుందని గుర్తు. మీ హాల్లోది రెండోది.

క్లీనర్ కూడా వంద లీటర్లకి సీసా. పోసి, లేబుల్ చెప్పినంతసేపు హీటింగ్ నడిపి, తర్వాత అన్నీ కడిగెయ్యాలి. "నీళ్లు తేటగా వచ్చాయి, చాలు" అనుకోవద్దు. తేటనీళ్లలోనూ క్లీనర్ ఉంటుంది, అది మిగిలితే వేసిన తుప్పు మందు పని చెయ్యదు. ఇక్కడ ఆర్‌ఓ మిషన్ అమ్మేవాడు జేబులోంచి తీసి కుళాయి నీళ్లలో ముంచి జనాన్ని భయపెట్టే పెన్ను ఒకటి ఉంటుంది, నీళ్లలో కరిగినవి ఎంతున్నాయో చూపించే టీడీఎస్ మీటరు. అది అక్కడ పనికొస్తుంది. మీ కుళాయి నీళ్లు 120 చూపిస్తే, సిస్టమ్ నుంచి వచ్చే నీళ్లు 132 లోపు వచ్చేవరకు కడుగు. పది శాతం తేడా లోపలికి రావాలన్నది మీ దేశపు ప్రమాణం బీఎస్ 7593లోనే ఉంది. ఏడాదికోసారి మందు బలం పరీక్షించమన్నది కూడా అందులోనిదే.

మందు బలం చూడ్డానికి కాగితం కడ్డీలు అమ్ముతారు. మందు పోశాక హీటింగ్ నడిపి, నీళ్లు బాగా తిరిగాక, మందు పోసిన చోటుకి దూరంగా ఉన్న రేడియేటర్ నుంచి తీసి పరీక్షించు. పోసిన చోటే తీస్తే ఎప్పుడూ బ్రహ్మాండంగానే ఉంటుంది.

మీ అమ్మకి ఈ సంగతులు చెప్పకు. చెప్తే "ఇంతోటిదానికి సీసాలెందుకే, చాకలి సోడా వెయ్యి" అంటుంది. వద్దు. చాకలి సోడా క్షారం, నీళ్ల పీహెచ్ పెంచేస్తుంది. నీ బాయిలర్ గుండెకాయ, అంటే మంట వేడిని నీళ్లకి అందించే భాగం, అల్యూమినియం అని పుస్తకంలో 14వ పేజీలో ఉంది, నీళ్ల పీహెచ్ 8.5 దాటకూడదని కూడా ఉంది. మిల్లులో బాయిలర్ ఉక్కుది కాబట్టి మేం పీహెచ్ 10.5, 11 దగ్గర ఉంచేవాళ్లం, ఉక్కుకి అదే సుఖం. ఆ అలవాటు మీ ఇంటికి పనికిరాదు. కొత్తగా చేరిన రోజుల్లో, 1984లో, అప్పుడింకా ఇదంతా కోరాపుట్ జిల్లానే, నా అల్యూమినియం క్యారేజీ మీద కాస్టిక్ సోడా ద్రావణం ఒలికింది. బుసబుసమని బుడగలు లేచాయి. పది నిమిషాల తర్వాత చూస్తే మూత నల్లబడి, ఒకచోట వేలితో నొక్కితే లోపలికి పోయింది. దాన్లో మీ అత్త పెట్టిన పులిహోర ఉంది. పులిహోర పోయిందని బాధపడ్డాను కానీ ఆ మూతని చాన్నాళ్లు లాకర్‌లో దాచుకున్నాను, కొత్తవాళ్లకి చూపించడానికి.

మిల్లుకీ నీ ఇంటికీ ఇంకో పెద్ద తేడా ఉంది. మాకు కొత్త నీళ్లు గంట గంటకీ లోపలికి వస్తూనే ఉండేవి. నీళ్లతోపాటు ఆక్సిజన్ వస్తుంది. ఒక వంతు ఆక్సిజన్‌ని చంపడానికి ఎనిమిది వంతుల సోడియం సల్ఫైట్ కావాలి. అందుకని మందు రోజూ, షిఫ్టు షిఫ్టుకీ. మీ ఇంట్లో తిరిగే నీళ్లు పాతవే. వాటిలో ఉన్న ఆక్సిజన్ మొదటి రోజుల్లోనే ఇనుముని కొరికి అయిపోతుంది, ఆ తర్వాత సిస్టమ్ నిమ్మళిస్తుంది. నిమ్మళించకుండా చేసేది ఎవరో తెలుసా? అల్లుడు. ప్రెషర్ ముల్లు పడిపోయినప్పుడల్లా ఫిల్లింగ్ లూప్, అదే వీధి నీళ్లని సిస్టమ్‌కి కలిపే గొట్టం, తిప్పి నీళ్లు ఎక్కిస్తున్నానని గర్వంగా చెప్పాడు. ఎక్కించిన ప్రతి లీటరు కొత్త ఆక్సిజన్‌ని తెస్తుంది, మందుని పలుచన చేస్తుంది. మన ఘాటు రోడ్డు మీద లారీ డ్రైవర్లు కూలెంట్ కొనడం మానేసి దారిలో కనబడ్డ బోరింగు నీళ్లన్నీ పోస్తూ పోతారు, ఆరు నెలలకి రేడియేటర్ తుప్పు కారుతుంది. అదే కథ. వారానికోసారి ముల్లు పడుతోందంటే ఎక్కడో కారుతోంది. మందు వెయ్యడానికి ముందు ఆ కారడం కనిపెట్టండి. లేకపోతే మందు కూడా ఆ దారినే పోతుంది.

పోసే పద్ధతి. బాయిలర్ ఆపి, పూర్తిగా చల్లారనివ్వు. నిచ్చెనకి రెండువైపులా వాల్వులు కట్టేసి, అడుగున గిన్నె పెట్టి ఒకటిన్నర లీటరు దించి, పైన మర విప్పి గరాటుతో మందు పొయ్యి. గ్లవ్స్ వేసుకో, కళ్లజోడు పెట్టుకో. మర బిగించి, వాల్వులు తెరిచి, లూప్‌తో ముల్లు ఒకటి నుంచి ఒకటిన్నర బార్ మధ్యకి తీసుకొచ్చి, లూప్ గొట్టం రెండువైపులా కట్టేసి ఊడదీసెయ్. అలా వేలాడదీసి వదిలెయ్యకు. వాల్వు కారితే మందునీళ్లు మీరు తాగే నీళ్లలోకి వెనక్కి రావచ్చు. బాయిలర్ పెట్టె మూత మాత్రం నువ్వూ విప్పకు, అల్లుణ్ణీ విప్పనివ్వకు. అది గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో, అంటే అక్కడ గ్యాసు పని చెయ్యడానికి అర్హత ఉన్నవాళ్ల జాబితాలో, పేరున్న మనిషి పని.

సంక్రాంతికి ఇక్కడికొస్తే ఇల్లు గడ్డకట్టదా, యాంటీఫ్రీజ్ కూడా కలపాలా అని అడిగావు. దాని లెక్క వేరు. అది నీళ్లలో పావు వంతు ఉండాలి, అంటే నీకు పదిహేడు లీటర్లు. పిసినారితనంగా ఐదు లీటర్లు పోస్తే చలికీ ఆగదు, పైపెచ్చు సూక్ష్మజీవులకి ఆహారమవుతుంది. మనుషులు కాపురముండే ఇంటికి ఎందుకది? థర్మోస్టాట్ తక్కువలో పెట్టి, హీటింగ్ ఆన్‌లోనే ఉంచి రండి.

ఒకటి మర్చిపోయాను. వేసింది వేసిన వెంటనే రాసిపెట్టు. ఒక రాత్రి షిఫ్టు మారే వేళ మందు డబ్బా మీద కొలత గ్లాసు కనబడలేదు. దిగిపోయేవాడు టీ గ్లాసుతో ఫాస్ఫేట్ వేసి, రిజిస్టర్‌లో రాయకుండా ఇంటికెళ్లిపోయాడు. నేనొచ్చి, వెయ్యలేదనుకుని మళ్లీ వేశాను. ఇంకో గంటకి బాయిలర్ పైన ఆవిరి చేరే డ్రమ్ములో నురగ. నీటిమట్టం చూపే గేజి గ్లాసులో మట్టం పాలు పొంగినట్టు ఎగిరెగిరి పడింది. నీళ్లు ఆవిరితో కలిసి పైపులోకి పోయి ధడేల్ ధడేల్మని కొట్టుకుంటుంటే నేను బాయిలర్ నీళ్లు బయటికి వదిలే బ్లోడౌన్ వాల్వు పట్టుకుని వణికాను. నా ఒంటి మీద చెమటకి వేడి కారణం కాదు. ఆ తప్పు మొత్తం నా పేరు మీద రాశారు. టీ గ్లాసు వాడి పేరు ఎక్కడా రాలేదు, ఎందుకంటే వాడు రాయలేదు కదా.

అందుకని ఒక చీటీ మీద తేదీ, మందు పేరు, ఎన్ని మిల్లీలీటర్లు, సిస్టమ్ 67 లీటర్లు అని రాసి బాయిలర్ పక్కన అతికించు. రేపు ఆ ఇల్లు అమ్మేసినా తర్వాత వచ్చేవాడికి కొలతలు మళ్లీ మొదలెట్టే పని తప్పుతుంది.

శనివారం చేస్తామన్నావు. పొద్దున్నే తొమ్మిదికి మొదలెడితే ఇక్కడ మధ్యాహ్నం రెండున్నర, భోజనం చేసి ఫోన్ దగ్గరే ఉంటాను. నీళ్లు దించేశాక, మళ్లీ నింపే ముందు మీటరు ఫోటో ఒకటి, నింపాక ఒకటి పంపు. ఈసారి టేపు పట్టుకునే పని అల్లుడికిచ్చి, అంకెలు నువ్వు రాయి. అతను 6కీ 0కీ తేడా లేకుండా రాస్తాడు.

మీ మామయ్య